గేటు లోపల రెండు బైట్లు

మా విశ్వవిద్యాలయం గేటు దగ్గర మొన్నమొన్నటి దాకా ఒక పచ్చ బోర్డు ఉండేది. "ఇచ్చట నుండి ఇంట్ పరిమాణం రెండు బైట్లు. అతిక్రమించువారు చర్యలకు గురి కాగలరు" అని దాని మీద తెల్ల రంగుతో రాసి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో స్పీడు బ్రేకరు సంగతనుకుని స్కూటరు నెమ్మది చేసేవారు. మనవణ్ణి చేర్పించడానికి వచ్చిన ఒక పెద్దాయన గేటు దగ్గరే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి నడిచారు. ఎందుకైనా మంచిదన్నారట.

ఆ బోర్డు పెట్టించిన సంఘానికి సభ్య కార్యదర్శిని నేనే. పేరు పరమేశ్వరం. తూర్పు కనుమల సాంకేతిక విశ్వవిద్యాలయంలో డిప్యూటీ రిజిస్ట్రారుని. నేను చదివింది చరిత్ర. కంప్యూటర్ల గురించి నాకు తెలిసినదల్లా కరెంటు పోతే అవి ఆగిపోతాయని. అందుకే నన్ను పూర్ణాంక పరిమితుల నిర్ధారణ సంఘంలో వేశారు. విషయం తెలిసినవాణ్ణి వేస్తే పక్షపాతం చూపిస్తాడని మా ఉపకులపతి ఆచార్య చక్రధరరావు గారి అభిప్రాయం.

గొడవంతా రెండు మార్కుల ప్రశ్నతో మొదలైంది. సి లాంగ్వేజి పేపరులో "ఇంట్ పరిమాణం ఎంత? దాని హద్దులేవి?" అని అడిగారు. నాకు తర్వాత తెలిసిందేమిటంటే, ఇంట్ అంటే కంప్యూటరు పూర్ణాంకాలు దాచుకునే డబ్బా. డబ్బా రెండు బైట్లదైతే అందులో ముప్ఫై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాకా పడుతుంది. అక్కడికి ఇంకొక్కటి కలిపితే డబ్బా నిండి అంకె తలకిందులై, మైనస్ ముప్ఫై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది దగ్గర తేలుతుంది. నాలుగు బైట్ల డబ్బా అయితే కోట్లు పడతాయి. మా విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ రెండు బైట్లే. జవాబుల కీలో రెండని ఉంటుంది. రెండని రాసినవాళ్లు ప్యాసై, లెక్చరర్లై, మళ్లీ రెండని చెబుతారు. ఏ గొడవా లేకుండా తరాలు గడిచాయి.

గొర్లె హిమజ అనే అమ్మాయి దాన్ని చెడగొట్టింది. చివరి ఏడాది విద్యార్థిని. మొదటి ఏడాదిలో టైఫాయిడ్ వచ్చి ఈ ఒక్క పేపరూ రాయలేకపోయింది, ఇప్పుడు రాసింది. రాసిందేమిటంటే: "ఇంట్ సైజు ఇంత అని భాష చెప్పదు. కనీసం 32,767 దాకా పట్టాలని మాత్రం చెబుతుంది. అసలు హద్దు ఆ మిషనునీ, ప్రోగ్రామును మిషను భాషలోకి మార్చే కంపైలరునీ బట్టి ఉంటుంది. లిమిట్స్ డాట్ హెచ్ అనే ఫైలు తెరిస్తే అందులో రాసి ఉంటుంది, చూసుకోవాలి. మా ల్యాబులో నాలుగు బైట్లు."

దిద్దినవాడు 'నాలుగు' కింద ఎర్రగీత గీసి సున్నా వేశాడు. అమ్మాయికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. నలభై వస్తే ప్యాసు.

ఆ రెండు మార్కులకూ ఆమె ఉద్యోగం ముడిపడి ఉంది. విశాఖలో ఒక కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలో ఆమెను ఇదే ప్రశ్న అడిగారట. ఆమె ఇదే జవాబు చెప్పిందట. "ఇంతమందిని అడిగాం, ఈ జవాబు చెప్పింది నువ్వొక్కదానివే" అని అక్కడికక్కడే ఆఫర్ ఇచ్చారట. కాకపోతే ప్యాసైన మెమో తెస్తేనే చేర్చుకుంటారు. ఉద్యోగం తెచ్చిన జవాబే ఇక్కడ సున్నా తెచ్చింది.

ఆమె రీవాల్యుయేషన్‌కు పెట్టుకుంటే సంఘం కూర్చుంది.

అధ్యక్షత వహించింది ఉపకులపతి గారు. ఆయనకు కుడివైపున పాఠ్య ప్రణాళికా మండలి అధ్యక్షులు ఆచార్య ఉగ్రనరసింహం గారు. ఆయన సి లాంగ్వేజిని కళ్లు మూసుకుని, సహస్రనామం చదివినట్టు చెబుతారు. మధ్యలో ఎవరైనా సందేహం అడిగితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఎవరూ అడగరు. ఎడమవైపున పరీక్షల నియంత్రణాధికారి ముకుందం గారు, జీడిపప్పు ప్లేటు.

హిమజ ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చింది. వాళ్లమ్మ సింహాద్రమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమెకు పాత బస్టాండు సందులో జాకెట్లు కుట్టే కొట్టుంది. కొలత టేపు ఇంకా మెడలోనే ఉంది.

"సార్, ఒక్క నిమిషం చూడండి" అని హిమజ రెండు లైన్లు టైపు చేసి మీట నొక్కింది. తెర మీద నాలుగు అని వచ్చింది. "మిషనే చెబుతోంది సార్."

ఉపకులపతి గారు కళ్లజోడు సర్దుకుని ఆ నాలుగును చూశారు.

"ఈ ల్యాప్‌టాప్‌కు మన విశ్వవిద్యాలయం అనుబంధ గుర్తింపు ఉందా?"

"ఇది నా సొంతం సార్."

"అంటే గుర్తింపు లేని సంస్థ. గుర్తింపు లేని సంస్థ ఇచ్చిన సమాధానాన్ని ఈ సంఘం పరిగణనలోకి తీసుకోజాలదు. ఏమంటారు ఆచార్యా?"

"తీసుకోజాలదు" అన్నారు ఉగ్రనరసింహం గారు కళ్లు తెరవకుండా. "ఇంట్ రెండు. ఫ్లోట్ నాలుగు. క్యారెక్టర్ ఒకటి."

"సార్, మన ల్యాబులో కూడా నాలుగే వస్తుంది" అంది హిమజ.

అందరం లేచి ల్యాబుకు వెళ్లాం. మొదటి కంప్యూటరు నాలుగంది. రెండోదీ నాలుగంది. ఉపకులపతి గారు ఓపిగ్గా వరస చివరిదాకా నడిచారు. ఒక్కటి కూడా రెండనలేదు. ఆయన మొహం ఎర్రబడింది. ప్రభుత్వ నిధులతో కొన్న యంత్రాలు, ఏసీ గదిలో పెట్టి చూసుకుంటున్న యంత్రాలు, ఒక విద్యార్థిని ముందు సిలబస్‌ను ఇలా ధిక్కరిస్తాయని ఆయన ఊహించలేదు.

"పరమేశ్వరం గారూ, వీటన్నిటికీ సంజాయిషీ మెమోలు ఇవ్వండి" అన్నారు.

నేను ఉద్యోగిని. నవ్వడం నా విధుల్లో లేదు. ఒక్కో కంప్యూటరు మీదా ఒక్కో మెమో అతికించాను. "పాఠ్య ప్రణాళికకు విరుద్ధముగా ప్రవర్తించినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను" అని. గడువు దాటినా ఏ కంప్యూటరూ జవాబివ్వలేదు. జవాబివ్వకపోవడాన్ని నేరం ఒప్పుకున్నట్టుగా భావించి, వాటిలో ఉన్నదంతా తీసేసి, నీలం తెర మీద పసుపు అక్షరాలు వచ్చే పాతకాలపు కంపైలరు ఎక్కించారు. అదిప్పుడు అడగ్గానే రెండంది. ఉగ్రనరసింహం గారు మొట్టమొదటిసారి కళ్లు తెరిచి తెర వంక చూశారు. ఆయన కళ్లు తడిశాయి. "నేను చదువుకున్నప్పుడు కూడా ఇదే నీలం" అన్నారు.

హిమజ మాత్రం ఊరుకోలేదు. నిజం తన పక్కనుంది కాబట్టి ఇంకొక్క మాట సరిగ్గా చెబితే వీళ్లకు అర్థమైపోతుందని అనుకునే వయసు. మర్నాడు మళ్లీ వచ్చింది.

"సార్, ఇంట్ రెండు బైట్లే అయితే అందులో 32,767 దాటి పట్టదు కదండీ?"

"పట్టదు" అన్నారు ఉగ్రనరసింహం గారు. "అది మేమే చెబుతున్నాం."

"నా హాల్ టికెట్ నంబరు 32,768 సార్. మీ పరీక్షల విభాగం కంప్యూటరే ఇచ్చింది. రెండు బైట్లే అయితే ఈ నంబరే పుట్టకూడదు. పుట్టిందంటే మీ ఆఫీసులో కూడా నాలుగు బైట్లే వాడుతున్నారు."

అయిపోయింది, అమ్మాయి గెలిచిందనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగా కూడా అనిపించింది.

ఉపకులపతి గారు కుర్చీలోంచి లేచి వెళ్లి ఆమె భుజం తట్టారు.

"శభాష్. చాలా తీవ్రమైన లోపం మా దృష్టికి తెచ్చావమ్మా. బోధనలో ఒక చట్టం, పరిపాలనలో ఒక చట్టమా? ఇది సంస్థాగత సమగ్రతకే మచ్చ. పరమేశ్వరం గారూ, రాసుకోండి."

రాసుకున్నాను. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, విశ్వవిద్యాలయ ప్రాంగణమునందును, దాని అనుబంధ కళాశాలలయందును, బోధన, పరిపాలన, పరీక్షలు మొదలగు సమస్త వ్యవహారములలో ఇంట్ పరిమాణము రెండు బైట్లుగా స్థిరీకరించడమైనది. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు 32,767కు మించిన ఏ అంకెనూ ఎవరును తలచరాదు."

'తలచరాదు' కొంచెం ఎక్కువవుతుందేమోనన్నాను. 'వాడరాదు' అని మార్చడానికి ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నారు. గేటు దగ్గర బోర్డు లేచింది అప్పుడే.

పరీక్షల విభాగంలో ప్రోగ్రాములన్నీ నీలం తెరలోకి మార్చారు. మాకు మొత్తం నలభై వేలమంది విద్యార్థులు. మొదటి ముప్ఫై రెండు వేల చిల్లర మందికి ఏమీ కాలేదు. హిమజ నంబరు దగ్గర అంకెలు తలకిందులయ్యాయి. ఆమె మైనస్ 32,768 అయింది. ఆమె తర్వాతి కుర్రాడు మైనస్ 32,767. అలా ఏడు వేల పైచిలుకు మంది మైనస్ విద్యార్థులయ్యారు.

ముకుందం గారు మొదట్లో ఏమీ కంగారు పడలేదు. "మైనస్ అయినంత మాత్రాన వాళ్లు మన పిల్లలు కాకపోతారా?" అన్నారు. హాల్ టికెట్ల మీద అడ్డగీత ముద్రించి పంచేశారు. కొన్ని కాలేజీల్లో హాస్టలు వార్డెన్లు మైనస్ పిల్లలకు వేరే బంతి పెట్టారని విన్నాను. అది మా ఉత్తర్వుల్లో లేదు, వాళ్ల ఉత్సాహం.

రెండో ఏడాది పిల్లల పరీక్షలప్పుడు కొండ దిగువ కాలేజీకి ముకుందం గారితో పాటు నేనూ పరిశీలకుడిగా వెళ్లాను. దిగగానే ప్రిన్సిపాలు ఎదురొచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు.

"సార్, పేపర్లు రావట్లేదు సార్. ఒకటో హాల్లో అరవై మంది కూసున్నారు. హాజరు ఎక్కిస్తే కంప్యూటరు సున్నా అంటంది. సున్నా మందికి పేపర్లు ప్రింటు సెయ్యనంటంది."

ముకుందం గారు హాలు గుమ్మంలో నిలబడి చూశారు. ముప్ఫై మంది ప్లస్సులు, ముప్ఫై మంది మైనస్సులు. కొట్టేసుకుంటే సున్నా.

"లెక్క సరిగ్గానే ఉంది" అన్నారాయన. "ఈ హాలుకు ఎవరూ రాలేదు."

"కళ్లెదురుగా కనబడతన్నారు కద సార్!"

"కనబడటం వేరు, హాజరు వేరు. ప్రిన్సిపాలుగా ఆ మాత్రం తేడా తెలియకపోతే ఎలా?"

రెండో హాల్లో ఇంకా చిక్కొచ్చింది. అక్కడ ఇరవై మంది ప్లస్సులు, నలభై మంది మైనస్సులు. హాజరు మైనస్ ఇరవై. కంప్యూటరు మైనస్ ఇరవై పేపర్లు మంజూరు చేసింది. అంటే ఆ హాలే మాకు ఇరవై పేపర్లు ఇవ్వాలి. వాళ్ల దగ్గర పేపర్లు లేవు, ఇవ్వడానికేముంది? ముకుందం గారు బాగా ఆలోచించి, బాగా జరుగుతున్న మూడో హాల్లోంచి ఇరవై పేపర్లు లాక్కుని రెండో హాలు పేరు మీద జమ చేసుకున్నారు. మూడో హాల్లో పిల్లలు అప్పటికే సగం రాసి ఉన్నారు. కిటికీలోంచి ఒక కుర్రాడు, "సార్, మేం ప్లస్సులం సార్!" అని అరిచాడు. ఆ అరుపులో కులం పేరు చెప్పుకుంటున్నంత ధీమా ఉంది. నాకు ఒళ్లు మండింది.

తల్లిదండ్రులు రోడ్డెక్కాక సంఘం మళ్లీ సమావేశమైంది. ఈసారి ఉగ్రనరసింహం గారే మందు చెప్పారు. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. మైనస్ పిల్లలందరినీ మైనస్ ఒకటితో గుణించండి. ప్లస్ అయిపోతారు."

అందరం చప్పట్లు కొట్టాం. గుణించారు. పిల్లలు నిజంగానే ప్లస్ అయ్యారు. అయితే మైనస్ 32,767 కుర్రాడు 32,767 అయ్యాడు, ఆ నంబరు గల కుర్రాడు అప్పటికే ఒకడున్నాడు. ఒక్కో నంబరుకు ఇద్దరేసి తేలారు. ఉపకులపతి గారు తొణకలేదు. అసలు వాళ్లకు పొద్దున, కొత్తవాళ్లకు మధ్యాహ్నం అని రెండు షిఫ్టులు పెట్టేశారు. నంబర్లు ఆదా అయ్యాయని ఒక పత్రికా ప్రకటన కూడా ఇచ్చారు.

మిగిలింది ఒక్క హిమజ. ఆమెను మైనస్ ఒకటితో గుణిస్తే మైనస్ 32,768 వచ్చింది. ముకుందం గారు మళ్లీ గుణించారు. మళ్లీ అదే. చేత్తో గట్టిగా కొట్టి చూశారు. అదే.

"చిన్నప్పటి నుంచి నమ్ముకున్న సూత్రం" అన్నారు ఉగ్రనరసింహం గారు బాధగా. "ఈ పిల్ల దగ్గర పనిచేయడం లేదు."

ఆమెనే పిలిచి అడిగాం. "ప్లస్ అవ్వాలంటే నేను 32,768 అవ్వాలి కద సార్. ఆ అంకె మీ డబ్బాలో పట్టదు. అందుకని తిరిగి తిరిగి మైనస్ దగ్గరికే వస్తాను. మైనస్ వైపు ఒక అంకె ఎక్కువ, ప్లస్ వైపు దానికి జోడీ లేదు. ఆ ఒక్క అంకె నాకు పడింది."

"అంటే విశ్వవిద్యాలయం మొత్తంలో సర్దుబాటుకు లొంగనిది నువ్వొక్కదానివే" అన్నారు ఉపకులపతి గారు. ఆయన దాన్ని ఆమె స్వభావం గురించిన సమాచారంగా తీసుకున్నారు.

సప్లిమెంటరీ పరీక్ష దగ్గర పడింది. కంపెనీ వాళ్లు ఈ ఒక్క ఫలితం దాకా ఆగుతామన్నారు. మళ్లీ అదే ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు. మా దగ్గర ప్రశ్నలు మారవు.

ఒకరోజు తల్లీకూతుళ్లిద్దరూ నా గదికి వచ్చారు. హిమజ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సింహాద్రమ్మే మాట్లాడింది.

"బాబూ, నాను సెప్తే ఇనట్లేదు. మీరైనా సెప్పండి. ఆల్లు రెండంతన్నారు. రెండని రాసెయ్యే, నీ సొమ్మేటి పోతాది అంతన్నాను. నాలుగని తెలుసు కదమ్మా అంతాది. తెలిస్తే తెలిసింది, కడుపులో పెట్టుకో. ఉద్యోగమొచ్చినాక నాలుగు సెప్పు, నలభై సెప్పు, ఎవులొద్దంతారు?"

"నాలుగని కాదమ్మా నేను రాసింది" అంది హిమజ. "మిషన్ని అడగాలని రాశాను."

"మిషన్ని తరవాత అడుగుదువు గాని. ముందు ఈ గండం దాటు."

హిమజ నా వైపు చూసింది. "మీరేమంటారు సార్?"

నేనేమంటాను? ఆ పిల్ల మొహం వాడిపోయి ఉంది. వాళ్లమ్మ మెడలో టేపు వేలాడుతోంది. "మీ అమ్మ చెప్పినట్టు రాసెయ్యమ్మా" అన్నాను. "రెండు మార్కులు. రెండు బైట్లు. గేటు దాటి వెళ్లాక నీ ఇష్టం."

ఆమె వాళ్లమ్మ మెడలోని టేపు వంక చూసింది. చివరికి, "సరే సార్" అంది. సింహాద్రమ్మ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. ఒక మంచి పని చేశానని ఆ పూట నేను నమ్మాను.

పరీక్ష రోజునే పై నుంచి తనిఖీ బృందం వచ్చింది. మాకు గ్రేడు ఇచ్చేది వాళ్లే. ఉపకులపతి గారు సిల్కు లాల్చీ వేసుకున్నారు. బృందానికి పెద్ద ఒక నూలు చీర ఆవిడ. బొకే పక్కన పెట్టి, మొదటి ప్రశ్న అడిగారు.

"మీ విద్యార్థుల సంఖ్య ఎంతండీ?"

ముకుందం గారు లేచి నిలబడి తెర మీద ఉన్నది చదివారు. ఆయన ఎప్పుడూ ఉన్నదున్నట్టు చదువుతారు.

"మైనస్ ఇరవై అయిదు వేల అయిదు వందల ముప్ఫై ఆరు, మేడమ్."

ఆవిడ కలం ఆగిపోయింది. "అంటే, ఇంతమంది విద్యార్థుల్ని మీరే ఎవరికైనా సప్లై చెయ్యాలా?"

ఉపకులపతి గారు నవ్వుతూనే లేచి, నవ్వుతూనే నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చి, అక్కడ నవ్వు ఆపేశారు.

"రాసుకోండి. ఇంట్ పరిమాణము నాలుగు బైట్లుగా సవరించడమైనది. ఈ ఉత్తర్వులు ఈరోజు ఉదయం తొమ్మిది గంటల నుండి అమల్లోకి వచ్చినట్టు భావించవలెను. కీ కూడా మార్చండి. వీళ్లు పాఠ్య ప్రణాళిక కూడా చూస్తారు."

"సార్, పదింటికి సప్లిమెంటరీ పరీక్ష మొదలైంది. సి పేపరు. పిల్లలు రెండని రాస్తుంటారు."

"అయితే వాళ్లెంత అదృష్టవంతులు!" అన్నారాయన. "కొత్త ఉత్తర్వు కింద పరీక్ష రాస్తున్న తొలి బ్యాచి."

నేను పరీక్ష భవనం వైపు పరిగెత్తాను. నా వయసుకీ నా హోదాకీ పరుగు నప్పదు, అయినా పరిగెత్తాను. హిమజ ఇంకా మైనస్ కాబట్టి ఆమెకు విడిగా ఒక హాలు ఇచ్చారు. అంత పెద్ద హాల్లో ఆ పిల్ల ఒక్కతే. హాజరు మైనస్ ఒకటి. ఇన్విజిలేటరును ప్లస్ ఒకటిగా వేసి సున్నాకు సరిపెట్టారు. గుమ్మంలో ముకుందం గారు స్కూటరు మీద నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. వరండాలో చెప్పిన ఉత్తర్వు ఆయన చెవినా పడింది, నేనెందుకు వచ్చానో తెలుసు.

"పరమేశ్వరం గారూ, మీరు పెద్దవారు. హాల్లో ఉన్న అభ్యర్థికి జవాబు చెప్పడం మాల్‌ప్రాక్టీసు. అమ్మాయిని డిబారు చెయ్యాల్సి వస్తుంది."

కిటికీ దగ్గరికి వెళ్లాను. హిమజ తల ఎత్తి నన్ను చూసింది. నేను ధైర్యం చెప్పడానికి వచ్చాననుకుంది కాబోలు. నవ్వి, ఎవరికీ కనబడకుండా రెండు వేళ్లు చూపించింది. రాసేశాను సార్, మీరు చెప్పినట్టే రాసేశాను అని. నేను చెయ్యి ఎత్తాను. నాలుగు వేళ్లు చూపించొచ్చు. ముకుందం గారు నా చేతి వంకే చూస్తున్నారు. ఆ చేత్తో చెమట తుడుచుకుని వచ్చేశాను.

ఆమెకు మళ్లీ ముప్ఫై ఎనిమిదే వచ్చాయి.

ఫలితాలొచ్చిన వారానికి నేనే ఫైలు పట్టుకుని ఉపకులపతి గారి గదికి వెళ్లాను. మాకు మంచి గ్రేడు వచ్చింది, ఆయన హుషారుగా ఉన్నారు.

"సార్, ఈ అమ్మాయి మొదటిసారి నాలుగని రాసింది. ఇప్పుడు మన చట్టం నాలుగే కదా. ఆ పాత పేపరుకు రెండు మార్కులు వేసేద్దాం."

"అదెలా కుదురుతుందండీ? ఆ పరీక్షనాడు అమల్లో ఉన్నది రెండు. ఆమె నాలుగు రాసింది. ఈ పరీక్షనాడు అమల్లో ఉన్నది నాలుగు. ఆమె రెండు రాసింది. రెండుసార్లూ అమల్లో ఉన్నదానికి వ్యతిరేకంగా రాసింది. ఒకసారైతే పొరపాటనుకుందుము."

"రెండోసారి మన ఉత్తర్వు చూసే రాసింది సార్."

"ఉత్తర్వులు చూసి జవాబు రాస్తే అది చదువెలా అవుతుంది పరమేశ్వరం గారూ?" అన్నారాయన చాలా బాధపడుతూ. ఆ బాధ నిజమైనదే. నాకు భయం వేసింది అందుకే.

బయట హిమజ బెంచీ మీద కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా వచ్చింది, తర్వాత ఆగలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వి చున్నీతో తుడుచుకుంది.

"కంపెనీ వాళ్లు ఫలితాలొచ్చిన రోజే ఫోన్ చేశారు సార్. నా బదులు వంశీధర్‌ని తీసుకున్నారట. మా క్లాసే. వాడు మొదటిసారే రెండని రాసి ప్యాసయ్యాడు. పాపం మంచివాడే. నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. 'హిమజా, ఇక్కడ లెక్క మైనస్ వస్తోందే, ఎక్కడ చూసుకోవాలే' అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"లిమిట్స్ డాట్ హెచ్ తెరిచి చూడమన్నాను."

వరండాలోంచి గేటు కనబడుతోంది. పెయింటరు నిచ్చెనెక్కి బోర్డు మీద 'రెండు' గోకుతున్నాడు. మళ్లీ మళ్లీ రంగు ఖర్చెందుకని, ఆ చోట ఒక మేకు కొట్టి, అంకె రాసిన రేకు తగిలించుకునే ఏర్పాటు చెయ్యమని ఉత్తర్వు. ఆ ఉత్తర్వు మీద సంతకం కూడా నాదే. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"నవంబర్లో మళ్లీ పరీక్ష ఉంది సార్" అంది హిమజ. "ఈసారి ఏం రాయమంటారు?"

మా సంఘం ఇంకోసారి కూర్చుంటుందో లేదో, అప్పటికి మేకుకు ఏ రేకు వేలాడుతుందో నాకు తెలియదు. ఈసారి ఏ ఉత్తర్వునూ అడ్డం పెట్టుకోలేదు.

"నీకు తెలిసింది రాయమ్మా" అన్నాను.

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది.

"మొదటిసారి అదే రాశాను సార్" అంది.